రాయెత్తి చూసిన పంతులమ్మ

పంతులమ్మ పోయిందన్న మాట బడి ఉద్యోగం ముగిశాక నేనుంటున్న కడపలో నాకు తెలిసింది. మా ఊరి నేతగాడొకడు చీరల మూట దించి, తలగుడ్డతో మొహం తుడుచుకొని, ముందు ఎండల సంగతి చెప్పాడు, నూలు దొరకని సంగతి చెప్పాడు, నా మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగాడు. ఆ తర్వాత, "మన పంతులమ్మ తెల్లారుజామున పోయిందయ్యవారూ. నిన్న మాపటేల గూడ బడి అరుగుమింద కూచోనుండె" అన్నాడు. చావు కబురును ఇలా నాలుగు మాటల వెనక నిలబెట్టి చెప్పడం మా వైపు పద్ధతి. విన్నవాడు నిలువునా కూలకుండా ముందే కూర్చోబెట్టడమన్నమాట. నేను కూర్చునే ఉన్నాను. అయినా చాలాసేపు లేవలేకపోయాను.

సాయంత్రం మట్టి చేస్తారన్నాడు. బొగ్గు బస్సు పట్టుకొని బయల్దేరాను. పెట్రోలు కరువు తెచ్చిన యుద్ధం ముగిసినా మా దారికి ఇంకా ఆ బస్సే దిక్కు. ఎత్తు వచ్చిన చోటల్లా అది ఆగుతుంది, జనం దిగి తోస్తారు, నాలాంటి ముసలివాళ్లు చెట్టునీడ వెతుక్కుంటారు. ఆమెను గురించి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది. ఈ రాసేదంతా చాలావరకు ఆ దారిలో గుర్తు చేసుకున్నదే.

ఆమె పేరు రాయడం లేదు. ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. పంతులమ్మ అంటే ఆమె ఒక్కతే. మా మిషను బడికి ఆమె పెద్ద, నేను అదే బడిలో లెక్కల అయ్యవారిని. ఆమెది కిరస్తానీ పాలెం, నాది సాలెవీధి. చిన్నప్పుడే భర్త పోతే చదువుకొని, ఒక రేకుపెట్టె, ఒక గొడుగుతో మా ఊరికి వచ్చింది. బడిలో సాలెవీధి పిల్లలు ఒక గోడవైపు, పాలెం పిల్లలు ఇంకో గోడవైపు కూర్చునేవారు. మధ్యలో మనిషి నడిచేంత సందు. ఆ సందు పెట్టింది మా పెద్దలు. ఆమె దాని గురించి ఏమీ అనకుండా, ఆ సందులోనే అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పేది.

ఆ రోజుల్లో ప్రకృతి పాఠమని ఒకటుండేది. చాలా బళ్లలో ఆ గంటకు అయ్యవారు ఒక మందారపువ్వు తెప్పించి, రేకలు లెక్కపెట్టమని పిల్లలకిచ్చి, తను కునుకు తీసేవాడు. నేనూ ఆ బాపతే. ఆమె మాత్రం వానలు వెనకబట్టి నీళ్లు తేటపడగానే పిల్లలను వంకకు తోలుకుపోయేది.

మా ఊరికి రెండు వంకలు. కొన్నాళ్లు పారి, తర్వాత ఇసుక కింద దాక్కునే నీళ్లు అవి. ఎండాకాలం ఇసుకలో గుంత తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ గుంతనే చెలమ అంటాం. వంక పారే రోజుల్లో కూడా తాగే నీళ్లకు గట్టువార చెలమే తవ్వుకుంటాం. ఊరి ప్రాణమంతా ఆ చెలమల్లోనే ఉంటుంది. పెద్ద వంక సాలెవీధిది, చిన్న వంక పాలేనిది. ఒకరి చెలమ దగ్గరికి మరొకరు రాకూడదు. సూటిగా చెప్పాలంటే, వాళ్లు మా చెలమ దగ్గరికి రాకూడదు. వాళ్ల చెలమ దగ్గరికి పోవలసిన అవసరం మాకెప్పుడూ పడలేదు. ఊరి కింద రెండు వంకలూ ఒకటై పెన్నకేసి పోతాయి. అక్కడ వాటిని అడ్డుకునేవాళ్లు లేరు.

పంతులమ్మ పాఠం రాళ్ల కింద ఉండేది. నీళ్లలోని రాయిని మెల్లగా ఎత్తాలి, అడుగున ఏముందో చూడాలి, మళ్లీ ఉన్నది ఉన్నట్టు దించాలి. దించకుండా వచ్చినవాణ్ణి వెనక్కి పంపేది. "ఒగరి ఇల్లు ఎత్తి సూసినావు. మళ్లా కప్పి రావల్ల" అనేది. ఆ రాళ్ల కింద ఎన్ని బతుకులున్నాయో ఆమె చూపించేదాకా నాకూ తెలియదు. తోకలాంటి మూడు పోగులున్న చదునుపురుగు, ఇసుకరేణువులు ఒంటికి అంటించుకొని వాటిలోనే కాపురముండే మూటపురుగు, తూనీగ పిల్ల, జలగ, ఎండ్రకాయ, నత్త. బురదలో ఎర్రగా మెలికలు తిరిగే సన్నటి పురుగుకు మా వీధి పిల్లలు దారప్పురుగని పేరుపెట్టారు. రంగు వేసిన నూలుపోగు మాదిరే ఉండేది. పెద్ద వంక దగ్గరైతే ఆమె గట్టుమీదే కూర్చునేది. మా పిల్లలే దిగి, దోసిట్లో పట్టుకొచ్చి చూపించేవాళ్లు. చిన్న వంక దగ్గర ఆమె చీర ఎగదోపుకొని మోకాటిలోతు నీళ్లలో నిలబడేది.

ఇప్పటిది కాదు, వెనకటి యుద్ధం రోజుల్లో తూటాలకు సీసం కావలసి, పెద్ద వంక పుట్టే కొండలో ఎప్పటివో పాత తవ్వకాలను మళ్లీ తెరిచారు. ఎవరో పట్నం సాహుకార్లు. రాతిని దంచి, కడిగి, కడిగిన నీళ్లను వంకలోకి వదిలేవాళ్లు. మొదట్లో వంక బియ్యపు కడుగులా పారింది. ఊరు గోల పెట్టింది. గని దొర మర్యాదస్తుడు. మడ్డి దిగడానికి గుంతలు తవ్వించి, తేరిన నీళ్లు మాత్రమే వదలమన్నాడు. ఆ తర్వాత పెద్ద వంక మేమెన్నడూ చూడనంత తేటగా పారింది.

అసలు కథ ఇక్కడుంది. మా వీధికి అది పండగే అయింది. రాళ్లమీద పాచి లేదు, కాలు జారదు. గేదెలకు జలగలు పట్టడం లేదు. రాత్రంతా నానిన నూలు పొద్దున తీస్తే జిగట లేదు, వాసన లేదు. నేతగాడికి నీళ్లు అంతకన్నా మంచిగా ఉండాల్సిన పనేముంది? మా అమ్మ, గంగమ్మ తలంటు పోసుకొని వచ్చినట్టుందని, పసుపు కుంకుమ తీసుకుపోయి గట్టున పెట్టి వచ్చింది. వీధి పెద్ద మా పెదనాయన, ఎవరొచ్చినా వంక దగ్గరికి తోలుకుపోయి, "అద్దమప్పా, అద్దం" అని చూపించేవాడు. చిన్న వంక ఎప్పటిలాగే పాచి పట్టి, పురుగులతో, బురదబురదగా ఉండేది. ఎవరి నీళ్లు వాళ్లకు తగ్గట్టున్నాయని మా వాళ్లు పైకి అనకుండానే అనుకున్నారు.

ఆ ఏడు మా పిల్లలు పెద్ద వంకలోకి దిగి రాళ్లెత్తితే మూడుతోకల పురుగు దొరకలేదు. మరుసటి ఏడు మూటపురుగు లేదు, ఎండ్రకాయ లేదు. నత్తలు ఖాళీ గుల్లలై దొరికాయి. ఆ పై ఏడు ఏ రాయెత్తినా కింద రాయే. అక్కడక్కడా దారప్పురుగు ఒక్కటే మిగిలింది. గట్టుమీద కూర్చున్న పంతులమ్మతో, పీడ విరగడైంది గదా అన్నాను నేను. ఆమె నావైపు తిరిగి, "పురుగు బతకని నీళ్లు మంచివని మనకెవురు చెప్పినారయ్యవారూ?" అంది. నిజంగానే అడిగింది. ఎవరు చెప్పారో నాకు గుర్తు రాలేదు.

అప్పటికి నా కూతురికి పలకా బలపం పట్టే వయసు. ఆ ఎండాకాలం నుంచి బొడ్డు చుట్టూ నొప్పని మెలికలు తిరిగేది. అన్నం సయించేది కాదు. మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. వాము నీళ్లు తాగించాం, ఆముదం పట్టించాం, కడప దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చాం. వీధిలో ఇంకా కొందరు పిల్లలు అలాగే ఉన్నారు. దిష్టి అన్నారు. పంతులమ్మ బడి దగ్గర నన్నాపి, బిడ్డ ఏ చెలమ నీళ్లు తాగుతోందని అడిగింది. నాకు ఒళ్లు మండింది. అద్దంలాంటి నీళ్లు తాగుతోంది, మీ బురద కాదు అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. సరే, ఆ అద్దం ఒక కడవ తెచ్చిపెట్టండి అంది. పెద్ద వంక నీళ్లు ఆమె ముట్టకూడదు కదా, అందుకని.

తెచ్చాను. బిడ్డ నొప్పి చూడలేక తెచ్చానే తప్ప ఆమె మాటమీద నమ్మకంతో కాదు. బడి అరుగుమీద ఒక పక్క నా కడవ, ఒక పక్క చిన్న వంక నీళ్లతో ఆమె కడవ. చిన్న వంకలో ఏరిన నత్తలను రెంటిలోనూ వేసింది. మా వైపు వంక నత్తకు గుల్ల నోటికి గట్టి మూత ఉంటుంది. బెదిరితే లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. ఆమె కడవలో నత్తలు కాసేపటికే మూతలు తీసి, కొమ్ములు చాచి, కడవ లోపలి వైపు పాకడం మొదలుపెట్టాయి. నా కడవలోవి వేసినవి వేసినట్టే పడి ఉన్నాయి. మరునాటికీ తలుపు తీయలేదు.

వీధి వీధంతా వచ్చి చూసింది. మా పెదనాయన నడుం మీద చేతులుంచుకొని రెండు కడవల్లోకీ తొంగి చూసి తీర్పు చెప్పాడు. "పాలెం నత్తలు గదమ్మా. మా నీళ్లలో తలుపు తీసేకి వాటికి బెదురుంటాది." జనం నవ్వారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఎవరి హద్దులో వాళ్లుండాలన్నది మాకు ఎంతగా ఒంటబట్టిందంటే, నత్తకు కూడా ఆ బుద్ధి ఉంటుందని ఊరంతా ఒప్పేసుకుంది. పంతులమ్మ కూడా నవ్వింది. నవ్వి, "నిజమేనేమో పెద్దాయనా. అట్లయితే మీ వంక నత్తనే ఒగదాన్ని తెప్పించండి. దాన్నే ఏసి సూస్తాం" అంది.

"మీ నత్తలు యాడున్నాయి?" అని మళ్లీ మెల్లగా అడిగింది.

ఆ పూట మా వీధిలో మగ్గాలు ఆగిపోయాయి. మగ్గం గుంతలో కూర్చుని కూర్చుని నడుములు వంగిన మగవాళ్లు పంచెలు ఎగ్గట్టి పెద్ద వంకలోకి దిగారు, వాళ్ల వెనక నేనూ. పౌరుషం అది. మా వంకలో నత్త లేకపోవడమేంటని. కొండ దగ్గరినుంచి కిందికి ఒక్కో రాయీ ఎత్తుకుంటూ వచ్చారు. తేట నీళ్లు, కడిగిన రాళ్లు, తెల్లటి గుల్లలు. దారప్పురుగు తప్ప బతికినది ఒక్కటీ లేదు. రెండు వంకలూ కలిసే చోటికి వచ్చాం. అక్కడ కొంతదూరం రెండు నీళ్లూ కలవకుండా పక్కపక్కనే పారతాయి. చిన్న వంక పక్కనున్న రాళ్ల కింద అన్నీ ఉన్నాయి, నత్తలు, ఎండ్రకాయలు, మూడుతోకల పురుగులు. అదే వంకలో మా పక్కనున్న రాళ్ల కింద ఏమీ లేదు. మధ్యలో ఎవరో గీత గీసినట్టుంది. ఇంకా కిందికి పోయాక గాని మా పక్కన మొదటి మూడుతోకల పురుగు కనబడలేదు. మా పెదనాయన గట్టున కూలబడి, "అద్దమే. అద్దంలో ఏం బతుకుతాదిలే" అన్నాడు.

నీళ్లు చెడ్డవని ఒప్పుకోవడం ఒక ఎత్తు. కడవ పట్టుకొని చిన్న వంకకు పోవడం ఇంకో ఎత్తు. వీధిలో తర్జనభర్జనలు నడుస్తుండగానే మా అమ్మ ఎవరినీ అడక్కుండా చెలమ తవ్వే చిప్ప తీసుకొని బయల్దేరింది. మనవరాలి కోసం. పాలెం వాళ్ల చెలమకు ఎగువన కూర్చొని ఇసుక తీయడం మొదలుపెట్టింది. ఎగువనే, ఆ మర్యాద మాత్రం మరచిపోలేదు. మిగతా ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. పాలెం మనుషులు గట్టుమీదికి వచ్చారు. వాళ్లలో పెద్దవాడొకడు, "ఇన్నేండ్లూ మీ చెలమకాడికి మా నీడ గూడ రానీకపోతిరే" అన్నాడు. కేకలు వేయలేదు. మామూలుగా అన్నాడు. మా అమ్మ చెయ్యి ఇసుకలోనే ఆగిపోయింది.

పంతులమ్మ తన వాళ్ల వైపే నిలబడి ఉంది. అటునుంచే చెప్పింది. "ముందు బిడ్డల్ని తాగనీండప్పా. అడిగేది తాగినాంక అడుగుదాం."

తవ్వనిచ్చారు. అడగవలసింది మాత్రం అలాగే మిగిలిపోయింది. ఆమె దాన్ని మళ్లీ ఎత్తలేదు, అలాగని వదిలేసినట్టు కూడా ఎప్పుడూ కనబడలేదు. మా అమ్మ కొత్త చెలమను నమ్మక, మొదటిరోజు కడవలో ఒక నత్తను వేసి చూసింది. అది తలుపు తీశాకే ఇంటికి తెచ్చింది. అది చూసి పక్కింటామె, ఆమెను చూసి మరొకామె. ఇప్పుడు మా ఊళ్లో ఏ చెలమ కొత్తగా తవ్వినా నత్త మొహం చూడందే ఎవరూ నీళ్లు ఇంటికి తీసుకుపోరు. కొత్త కోడళ్లు ఇదేదో తాతలనాటి ఆచారమనుకుంటారు.

నా కూతురు తేరుకుంది, నెమ్మదిగా. నీళ్ల వల్లనేనా అని పంతులమ్మను ఒకసారి అడిగాను. "నాకు తెలీదయ్యవారూ. నేను వైద్యురాలిని గాదు. రాళ్లకింద సూసింది చెప్పినా" అంది. ఏ విషయంలోనైనా తెలిసిన దానికి పక్కనే తెలియనిదాన్ని కూడా చెప్పడం ఆమె అలవాటు. ఇన్నేళ్ల పంతులు ఉద్యోగంలో నాకు అబ్బనిది అదొక్కటే.

ఆ యుద్ధం అయ్యాక సీసానికి గిరాకీ పోయి గని మూతబడింది. మా మాట విని మూసింది కాదు. మూసినంత మాత్రాన వంక మారలేదు. కొండ దగ్గర పోసిన రాతిపిండి గుట్టలు వానవానకూ కరిగి దిగుతూనే ఉన్నాయి. పంతులమ్మ ఏటేటా పిల్లలతో పోయేది, వచ్చి నాకు చెప్పేది. చాలా ఏళ్లు ఒక్కటే మాట, దారప్పురుగు తప్ప ఏమీ లేదని. ఒక ఏడు గొడుగు మూయకుండానే బడిలోకి వచ్చింది. "మూడుతోకలోడు వచ్చినాడు" అంది. పెళ్లికి చుట్టం దిగినట్టే చెప్పింది. తర్వాత మూటపురుగు, తూనీగ పిల్ల. నత్త మాత్రం రాలేదు. నాలుగు నత్తలు తెచ్చి మనమే వదిలితే పోలా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "రెక్కలుండేవి ఎగిరొచ్చినాయి. ఇది నడిచి రావల్ల. రానీండి" అంది.

అది నడిచి రావడానికి నా కూతురు పెద్దదై, పెళ్లై, ఆ ఊళ్లోనే ముగ్గురు పిల్లల తల్లి కావలసి వచ్చింది. మొన్న వానలు వెనకబట్టాక, కలిసే చోటికి బాగా ఎగువన, పెద్ద వంకలో నత్తను చూసింది కూడా నా కూతురే. అరచేతిలో పెట్టుకొని బడి అరుగు దగ్గరికి తెచ్చింది. పంతులమ్మకు అప్పటికి చూపు మందగించింది. వేలితో తడిమి, అది మూత వేసుకోవడం తెలుసుకొని, "యాడ తీసినావో ఆడనే పెట్టిరా పాపా" అందట. ఈ ఎండాకాలం మా వాళ్లు పెద్ద వంకలో మళ్లీ చెలమ తవ్వారు. నత్తను వేసి చూసుకొని, ఎవరి వంకకు వాళ్లు తిరిగి వచ్చేశారు. ఆ నీళ్లలో ఒక చెంబైనా పంతులమ్మకు ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు బస్సులో నాకు సిగ్గుగా అనిపించింది.

నేను ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. బడి అరుగుమీదే ఆమెను పడుకోబెట్టారు. గొడుగు గోడకు ఆనించి ఉంది. పాటలు పాడుతున్నారు. స్నానం చేయించడానికి పాలెం ఆడవాళ్లు నీళ్లకోసం లేవబోతున్నారు. అప్పుడు సాలెవీధి వైపునుంచి నా కూతురు వచ్చింది. నెత్తిన నిండు కడవ, పెద్ద వంకనుంచి మోసుకొచ్చింది. వెనక వీధి ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, అరుగుకు కాస్త దూరంలో ఆగిపోయారు. నా కూతురు ఆగలేదు. పాలెం ఆడవాళ్ల మధ్యకు వచ్చి కడవ దించింది. "పెద్ద వంక నీళ్లు. పంతులమ్మకి" అంది, అంతే.

పాలెం ఆడవాళ్లలో ఒకామె చెంబు ముంచబోయింది. నా కూతురు చెయ్యి అడ్డం పెట్టి, కొంగు ముడి విప్పి, తడిగుడ్డలోంచి నత్తను తీసి కడవలో వేసింది. అలవాటు మరి. చనిపోయిన మనిషికి పోసే నీళ్లకు అది అక్కర లేదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఎవరూ అనలేదు. పాటలు ఆగాయి. పాలెం వాళ్లూ మా వాళ్లూ, ప్రార్థన చేయడానికి వచ్చిన అయ్యగారూ, అందరం ఆ కడవ చుట్టూ వంగి, ఒక నత్త తలుపు తీయడం కోసం కాచుకున్నాం. పంతులమ్మ ఉంటే నవ్వేది. నాకు ఏడుపొచ్చింది.

తీసింది. ముందు సన్నటి కొమ్ములు వచ్చాయి, తర్వాత మెత్తటి ఒళ్లు. కడవ లోపలివైపు పట్టుకొని మెల్లగా పాకింది.

పాలెం ఆడవాళ్లు ఆ నీళ్లను తమ చేతులతో ముంచి తమ గంగాళంలోకి పోసుకున్నారు. అడుగున ఇన్ని నీళ్లు, నత్త మిగిలాయి. అలా పాలెం చేతులు పడిన కడవను మా వీధివాళ్లు వెనక్కి తీసుకోరు, అక్కడే వదిలేస్తారు. నా కూతురు వంగి, దాన్ని ఎత్తి చంకన పెట్టుకుంది. మట్టి చేయడం అయ్యాక చూస్తే, ఆ మసకవెలుతురులో ఒక్కతే పెద్ద వంక వైపు పోతోంది, నత్తను తీసిన చోటే పెట్టి రావడానికి. చంకలో కడవ నీళ్లు ఒలకకుండా మెల్లగా నడుస్తోంది.